మచ్చలేని రొట్టె

మే 31, శనివారం

రొట్టెలు అయ్యాయి. తెల్ల తువ్వాలులో చుట్టి అలమరలో పెట్టాను.

రేపు నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల. సంఘంలో అందరి నోట్లోకీ వెళ్ళేది నేను కాల్చిన రొట్టే. గోధుమపిండి, నీళ్ళు, అంతే. ఉప్పు పడకూడదు, పొంగకూడదు, మచ్చ పడకూడదు. సన్న సెగ మీద పెట్టి ఫోర్కుతో గుచ్చుతూ కూర్చోవాలి. మచ్చ పడ్డవాటిని పక్కన పెడితే మా ఆయన చేపల పులుసులో ముంచుకుని తింటారు. మా గణేష్ గారు క్రిస్మస్ కేకుకి మాత్రమే విశ్వాసి. మిగతా ఏడాదంతా ఐసు పెట్టెలు, చేపల వ్యాను, బెజవాడ మార్కెట్టు.

ఈ పెనం ఇన్నేళ్ళూ ఈ రొట్టె చేసిన మణెమ్మగారిది. చేతులు వణుకుతున్నాయని నాకు అప్పగించారు. మూడు తరాల నుంచి మందిరానికి వచ్చేవాళ్ళు ఎంతమందో ఉండగా, కొల్లేటి ఒడ్డున చేపలమ్మే గంగారత్నం కూతురికి, వాళ్ళ లెక్కలో నిన్నగాక మొన్న బాప్తిస్మం తీసుకున్నదానికి ఇచ్చారు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. ఇచ్చేటప్పుడు ఆవిడ ఒక్క మాటే అన్నారు. "ఆ రోజుల్లో మాత్రం ముట్టుకోకు తల్లీ. నాకు కబురు చెయ్యి, నేను చేస్తాను." ఇది ఎక్కడా రాసి లేదు, ఎవరూ పైకి అనరు. అందరికీ తెలుసు.

ఇవాళ నాకు లేదు. నిన్న సాయంత్రం కొంచెం కనపడింది. ఇవాళ లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, నా ఒళ్ళెంత. వేడి చేసి ఉంటుంది.

జూన్ 1, ఆదివారం

రొట్టె మల్లెపువ్వులా ఉందని మా పాస్టరు అయ్యగారు అందరి ముందూ అన్నారు.

సాయంత్రం మళ్ళీ కనపడింది. చేసేటప్పుడైతే లేదు.

జూన్ 11, బుధవారం

స్త్రీల కూడిక. అయ్యగారి భార్య, మా అమ్మగారు కొత్త పాఠాలు మొదలుపెట్టారు. ఇశ్రాయేలీయుల గుడారం, బలిపీఠం, ఏ అర్పణ దేవుడు తీసుకుంటాడు, దేన్ని తోసేస్తాడు. అయ్యగారి ప్రసంగంలో నిద్రపోయేవాళ్ళు కూడా అమ్మగారు చెబితే కళ్ళు విప్పుకుని వింటారు.

"గుడ్డిది, కుంటిది, గజ్జి పట్టింది, అలాంటి జంతువుని తేకూడదు. మీ ఇంటికి కలెక్టరుగారు భోజనానికొస్తే చచ్చిన కోడిని వండి పెడతారా? మరి దేవుడికి ఎందుకు పెడతారు?"

అందరం నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను.

రేపటి నుంచి బడి. ఏడో తరగతి తెలుగు ఈసారి కూడా నాకే.

జూన్ 18, బుధవారం

ఇవాళ్టి పాఠం తెచ్చే జంతువు గురించి కాదు, తెచ్చే మనిషి గురించి.

ఆ కాలంలో రోజులు దాటి స్రావం ఉన్న ఆడదాన్ని అపవిత్రురాలు అనేవారట. ఆమె పడుకున్న పరుపు, కూర్చున్న చోటు, అన్నీ అంతే. వాటిని ముట్టుకున్నవాళ్ళు కూడా సాయంత్రం దాకా అంతే. అలాంటివాళ్ళని పాళెం, అంటే జనం గుడారాలున్న చోటు, దాటించి బయటికి పంపేవారట. అది ఆగిపోయి, ఆగాక వారం గడిచి, అప్పుడు పావురాలు పట్టుకుని రావాలి. ఆ స్థితిలో ఉండి అర్పించినదాన్ని ముట్టినవాళ్ళని జనంలోంచి వెలివేసేవారట.

"ఇప్పుడు మనకి ఆ బలులు లేవు. ఆయన పరిశుద్ధత మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే," అన్నారు అమ్మగారు.

అందరూ లేచాక లేచాను. కూర్చున్న చాప వంక చూశాను. ఏమీ లేదు.

నాకు నలభై ఏడు. ఈ వయసులో లెక్క తప్పడం మామూలే. మా స్టాఫ్ రూములో సగం మందికి ఇదే గోల. ఇది రోజులు దాటడం కాదు, లెక్క తప్పడం. రెండూ వేరు.

జూలై 2, బుధవారం

వేరు కాదు.

కంకిపాడు సెంటర్లో మెడికల్ షాపుకి వెళ్ళాను. ఆపే మాత్రలు కావాలన్నాను. పెళ్ళిళ్ళకీ వ్రతాలకీ అందరూ వేసుకునేవే. షాపతను తల కూడా ఎత్తలేదు.

"తిరపతా అండీ?"

ఔనన్నాను. తడుముకోకుండా అన్నాను. నా నోరు నాకే కొత్తగా అనిపించింది.

"మంచిదండీ. రోజుకి మూడు వేసుకోండి. దర్శనం అయ్యాక మానెయ్యండి."

మణెమ్మగారికి కబురు చెయ్యవచ్చు. కానీ పోయిన నెలకి ముందు నెల ఆవిడే చేశారు. మళ్ళీ అంటే "అదేంటమ్మా, ఇంకా వస్తోందా" అంటారు. అక్కడి నుంచి మందిరమంతా పాకుతుంది. ఒకసారి పెనం చెయ్యి మారిందంటే మళ్ళీ నా దగ్గరికి రాదు.

జూలై 5, శనివారం

ఆగింది! చుక్క కూడా లేదు. తలస్నానం చేసి, నెత్తిన కొంగు కప్పుకుని, పాట పాడుకుంటూ చేశాను. ఒక్కదానికీ మచ్చ పడలేదు. పాపం ఆయనకి ఇవాళ అన్నమే.

ఆపింది మాత్రలా, ప్రభువా? ప్రభువే మాత్రల చేత ఆపించాడు.

జూలై 10, గురువారం

మానేసిన మూడో రోజుకి వరదలా వచ్చింది. బళ్ళో రెండో పీరియడుకి చీర మార్చుకోవాల్సి వచ్చింది. బల్ల అయిపోయింది కదా, ఇక ఎంత పోతే అంత పోనీ.

జూలై 20, ఆదివారం

అమ్మ వచ్చింది, ఉప్పుచేపల సంచీతో సహా. మందిరం నుంచి వచ్చేసరికి వంటింట్లో కూర్చుని నా వంకే చూస్తోంది.

"ఏమే, పాలిపోయినట్టున్నావ్. బయట చేరావా?"

"లేదు."

"బాత్రూములో ఆ బకెట్టు ఏంటి మరి? నేను కళ్ళు లేనిదాన్నా?"

చెప్పాను, కొంచెం. ఆగి ఆగి వస్తోందని. ఎన్నాళ్ళ నుంచో చెప్పలేదు.

"అలా ఉండి పొయ్యి దగ్గరికెళ్తున్నావా? మీ గుడి రొట్టె కూడా అలాగే చేత్తన్నావా?" అని, ఒక్క క్షణం ఆగి నవ్వింది. "పోన్లే. మీ దేవుడు ఇయ్యన్నీ పట్టించుకోడన్నావుగా."

అన్నాను. బాప్తిస్మం తీసుకున్న ఏడాది, మా ఊళ్ళో, పదిమంది ఆడవాళ్ళ ముందు అన్నాను. మా పుట్టింట్లో ఆ మూడు రోజులూ వల కూడా ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. ముట్టుకుంటే చేప పడదట. నేను చేతులు తిప్పుతూ మరీ చెప్పాను, మా దేవుడి దగ్గర మైలా లేదు, మడీ లేదు అని. ఆ మాట అమ్మ ఇన్నేళ్ళూ దాచుకుని ఇవాళ నా కంచంలో వడ్డించింది.

"ఊరొచ్చెయ్ ఓసారి. అమ్మోరికి చీర పెట్టి మొక్కుకుందాం. పెద్ద డాక్టర్‌కి కూడా చూపిద్దాం," అంది.

డాక్టరు మాట నాకు నచ్చలేదు. అమ్మవారి మాట కూడా నచ్చలేదనుకోండి. ఎవరితో అంటున్నాను 'అనుకోండి' అని? ఇది చదివేది నేనే.

ఆగస్టు 1, శుక్రవారం

"మళ్ళీ తిరపతేనా అండీ?"

"ఔనండీ. మొక్కు."

ఆగస్టు 13, బుధవారం

మణెమ్మగారు బాత్రూములో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. అయ్యగారికి జ్వరం, డెంగీ అంటున్నారు. పెళ్ళయి ఉయ్యూరు వెళ్ళినా బల్లకి ఇక్కడికే వచ్చే కోరస్ అమ్మాయికి కడుపు నిలవలేదు.

ముగ్గురూ మొన్న నా చేతి రొట్టె తిన్నవాళ్ళే.

మందిరంలో అందరూ తిన్నారు, అందరికీ ఏమీ కాలేదు కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను. కాసేపు నమ్ముతాను. తర్వాత చూస్తే, బల్ల దగ్గరికి రాని మా ఆయనకి కనీసం జలుబు కూడా లేదు.

మాత్రలతో ఆపితే అది పవిత్రమా, ఆపినట్టు నటించడమా? కుంటి మేకకి కాలికి కట్టు కట్టి నడిపించుకెళ్ళి బలిపీఠం ముందు నిలబెట్టినట్టు లేదూ? భయంగా ఉంది. నిజంగా భయంగా ఉంది.

ఆగస్టు 14, గురువారం

మణెమ్మగారిని చూసి వచ్చాను. నా చెయ్యి పట్టుకుని, "నేను లేకపోయినా నువ్వున్నావులే, బల్లకి లోటు లేదు" అన్నారు.

ఇక కబురు చెయ్యడానికి కూడా ఎవరూ లేరు.

సెప్టెంబర్ 3, బుధవారం

షాపతను నేను నోరు తెరవకముందే తీసి ఇచ్చాడు. "మీలాంటి భక్తులు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ," అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. అదే బాధ.

బళ్ళో మేడ మెట్లు ఎక్కలేకపోతున్నాను. సగంలో ఆగి, పిల్లల్ని అరుస్తున్నట్టు నటించి ఊపిరి పీల్చుకుంటున్నాను. పిల్లలు నేనీ మధ్య కోపిష్టిదాన్నయ్యానని చెప్పుకుంటున్నారట.

సెప్టెంబర్ 6, శనివారం

చేశాను. తెల్లగా వచ్చాయి. ఏమీ అనిపించలేదు.

సెప్టెంబర్ 24, బుధవారం

ఆయన మార్కెట్టు నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా నా ఎదురుగా కూర్చున్నారు.

"ఏంటే నీకు? నిజం చెప్పు. మంచం దిగితే గోడ పట్టుకుంటున్నావ్. నేను చూట్టంలేదనుకున్నావా?"

"రక్తం తక్కువైందంతే. బీట్‌రూట్ తింటున్నా."

"బీట్‌రూట్ సంగతి తర్వాత. రేపు బెజవాడ సూర్యారావుపేట ఎల్దాం. మా మార్కెట్టు వాళ్ళంతా ఓ లేడీ డాక్టర్ దగ్గరికి ఎళ్తారు. బాగా చూసిద్దంట."

అక్టోబర్ బల్ల అయ్యాక వెళ్దామన్నాను. డాక్టరు దగ్గరికెళితే ఏ మాత్రలు వేసుకుంటున్నావని అడుగుతుంది. అవి ఆపమంటుంది. ఆపితే శనివారానికి...

"బల్ల ఏంటే బల్ల! నువ్వుంటే కదా బల్ల!" అని అరిచారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నా మీద అంత గొంతు లేవలేదు. తర్వాత ఆయనే లేచి పెరుగన్నం కలిపి తెచ్చారు.

బల్ల అయ్యాకే.

అక్టోబర్ 4, శనివారం

ఆగలేదు. ఈసారి ముందు నుంచే వేసుకుంటున్నాను. ఆగలేదు.

పొద్దున ఆగుతుందనుకున్నాను. మధ్యాహ్నం ఆగుతుందనుకున్నాను. చీకటి పడేలోపు చెయ్యాలి. పిండి కలిపాను. కలుపుతుంటే కాళ్ళ వెంట తెలుస్తూనే ఉంది. చేతులకి ఏమీ అంటలేదు. సబ్బుతో కడుక్కున్నాను, మళ్ళీ కడుక్కున్నాను. చేతులకి ఏమీ అంటలేదు.

ప్రభువా, ఇవాళ ఒక్క రాత్రికి ఆపు.

తెల్లగా వచ్చాయి. ఒక్క మచ్చ కూడా లేదు. వాటి వంక చూడకుండానే తువ్వాలులో చుట్టేశాను.

అక్టోబర్ 5, ఆదివారం

పళ్ళెం నా వరసకి వచ్చింది. నేను తీసుకోలేదు. పక్కావిడకి అందించేశాను.

మందిరమంతా నేను చేసిన రొట్టె తింటూ కళ్ళు మూసుకుంది. నేను కళ్ళు తెరిచి కూర్చున్నాను. కళ్ళు తెరిచింది ఇంకొక్కరే. అమ్మగారు నన్నే చూస్తున్నారు.

అక్టోబర్ 8, బుధవారం

సాయంత్రం అమ్మగారు ఇంటికొచ్చారు, ఒక్కరే.

"వందనాలు అమ్మగారూ" అని లేవబోతే, "కూర్చో కూర్చో" అంటూ నా పక్కనే మంచం మీద కూర్చున్నారు. "బల్ల ఎందుకు తీసుకోలేదు హేమా? ఎవరితోనైనా మాటపట్టింపా?"

ఆ గొంతులో అంత ప్రేమ లేకపోతే చెప్పేదాన్ని కాదేమో. అన్నీ చెప్పేశాను. ఉగాది నుంచి మొదలైనదీ, మాత్రలూ, తిరుపతి అబద్ధమూ, శనివారం పిండి కలుపుతున్నప్పుడు జరిగిందీ.

అమ్మగారు విన్నారు. వింటూ వింటూ లేచి ప్లాస్టిక్ కుర్చీలోకి మారారు. కావాలని చేసిన పని కాదు. చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ, మాట మధ్యలో, తనకే తెలియకుండా మారారు. నేను పెట్టిన టీ అలాగే చల్లారిపోయింది.

"డాక్టరుకి చూపించుకో. నేను ప్రార్థన చేస్తాను," అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "ఆ పెనం... ఓసారి ఇస్తావా? ఎవరికో ఒకరికి చెప్పి చేయిస్తాను."

ఇచ్చాను. చేతిసంచి నోరు తెరిచి పట్టుకుంటే అందులో జారవిడిచాను.

ఆవిడ వెళ్ళాక ఆ కుర్చీని వీధిలోకి విసిరేయాలనిపించింది. పెనం ఏం చేసింది? అది ఇనుము. దానికి ఏ రోజులూ లేవు. నా దగ్గర పెనం తీసుకోవచ్చు, నా మంచం మీద మాత్రం కూర్చోకూడదు! నాకు కోపం వస్తోంది. అమ్మగారి మీదా, ఆ పాఠాల మీదా, నా మీదా. అందరికంటే నా మీదే.

అక్టోబర్ 9, గురువారం

మాత్రలు చెత్తబుట్టలో పడేశాను. ఇంకెందుకు?

అక్టోబర్ 20, సోమవారం

ఇది హాస్పిటల్లో రాస్తున్నాను. ఎడమ చేతికి సూది ఉంది, కుడి చేతికి లేదు.

గురువారం తరగతిలో పద్యం చెబుతూ చెబుతూ పడిపోయాను. కుర్చీ కింద మడుగు కట్టిందట. పిల్లలు భయపడి ఏడ్చారని హెడ్ మాస్టారు ఫోనులో చెప్పారు. మా ఆయన చేపల వ్యానులోనే బెజవాడ తీసుకొచ్చేశారు. దారి పొడుగునా ఐసు నీళ్ళ వాసన, ఆయన నన్ను తిడుతూనే ఉన్నారు.

డాక్టరమ్మ చిన్న వయసే, మాట మాత్రం కత్తి. రక్తం రెండు సీసాలు ఎక్కించారు. స్కానింగ్ తీశారు. గర్భసంచి లోపలి పొర మందంగా ఉందట. ముక్క తీసి పరీక్షకి పంపారు.

"ఎన్ని నెలల నుంచి?" అంది.

"ఉగాది నుంచండీ."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

"మాత్రలు వేసుకుంటే ఆగేదండీ."

"ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదండీ. నేనే."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "పొయ్యి మీద పాలు పొంగుతుంటే మూత పెట్టి, పొంగట్లేదని కూర్చున్నారు. దేనికండీ? పెళ్ళా, వ్రతమా?"

రొట్టె అని చెప్పలేకపోయాను.

అక్టోబర్ 27, సోమవారం

క్యాన్సరే.

మొదట్లోనే ఉన్నట్టుందని, గర్భసంచి తీసేస్తే సరిపోవచ్చని డాక్టరమ్మ అంది. సరిపోతుంది అనలేదు. తీశాక పరీక్షిస్తే గానీ ఎంత దాకా పాకిందో చెప్పలేనంది. వచ్చే సోమవారం ఆపరేషన్.

ఆయన మెట్ల దగ్గరికెళ్ళి నిలబడ్డారు. చాలాసేపు రాలేదు.

నాకు ఏడుపు రాలేదు. వేళ్ళు మడిచి ఒక్కో శనివారాన్నీ తలుచుకున్నాను. ఆగిందని పాట పాడుకున్న శనివారం కూడా లోపల ఇది పెరుగుతూనే ఉంది.

నవంబర్ 2, ఆదివారం

రేపు పొద్దున్నే తీసుకెళ్తారు. మధ్యాహ్నం నుంచి ఏమీ తిననివ్వరేమో అనుకున్నాను. రాత్రి దాకా తినవచ్చంది నర్సు.

మూడింటికి అమ్మగారు వచ్చారు. మందిరం నుంచి తిన్నగా బస్సెక్కి వచ్చారట. తెల్లచీర నలిగిపోయి ఉంది. నేను మొహం గోడవైపు తిప్పుకున్నాను. నాకు క్షమించాలని లేదు, ఉన్నమాటే రాస్తున్నాను.

మంచం పక్కన స్టూలు ఉంది. ఆవిడ దాన్ని కాలితో పక్కకి జరిపి, మంచం మీద, నా కాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఆ దుప్పటి మీదే, పొద్దుటి నుంచి ఇంకా మార్చని దుప్పటి మీదే.

సంచిలోంచి చిన్న డబ్బా తీశారు. అందులో రొట్టె. ఒక పక్క మందం, ఒక పక్క మాడిపోయింది, మధ్యలో చిరుగు. మణెమ్మగారు చూస్తే తుంటి నొప్పి మర్చిపోయి లేచి కూర్చునేవారు.

"ఎవరు చేశారండీ ఇది?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"నేనే. ఎవరికి చెప్పినా, మాకు చేతకాదండీ, హేమగారిలా రాదండీ అన్నారు. ఇంతకుముందెప్పుడూ చెయ్యలేదు నేను. మంట ఎంత పెట్టాలో కూడా తెలీదు."

"ఇది బల్ల మీద పెట్టారా?"

"పెట్టాం. తిన్నారు అందరూ." ఆవిడ డబ్బా మూత అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. తర్వాత నా వైపు వంగి గొంతు తగ్గించారు. "హేమా, నాకు నిన్న పొద్దున వచ్చింది. చెయ్యడానికి ఇంకెవరూ లేరు. పెనం ముందు నిలబడి ఏడ్చాను. నీకు ఆ పాఠం చెప్పింది నేనే కదా. ఇన్ని నెలలూ నువ్విలాగే నిలబడ్డావా అనుకున్నాను. చేసేశాను."

"అయ్యగారికి చెప్పారా?"

"లేదు. చెబితే వద్దంటారేమోనని."

నాకు నవ్వొచ్చింది. కడుపులో నొప్పి, అయినా నవ్వొచ్చింది. "అయితే మనిద్దరినీ పాళెం బయటికి పంపెయ్యాల్సిందే అమ్మగారూ," అన్నాను. ఆవిడా నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు.

"మరి మన రొట్టె దేవుడు తీసుకున్నాడంటారా?" అని అడిగాను. ఇన్నాళ్ళూ నన్ను తిన్న ప్రశ్న ఇదే.

బోర్డు మీద గుడారం బొమ్మ గీసి అన్నీ చెప్పే మనిషి, తల అడ్డంగా ఊపారు. "నాకు తెలీదు హేమా. తీసుకోకపోతే నేనూ నీతోనే ఉన్నాను," అన్నారు.

మాడిన వైపు తుంచి నా చేతిలో పెట్టారు. తిన్నాను. చేదుగా ఉంది. మింగాను.

తర్వాత ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ఏమని ప్రార్థన చెయ్యమంటావు?"

నోరు తెరిచాను. అలవాటుగా వచ్చే మాట ఒకటుంది, ఆపు ప్రభువా, ఆదివారం దాకా ఆపు. ఉగాది నుంచి నేను ఆయన్ని అడిగింది అదొక్కటే. అడగడానికి ఇంకొకటి ఉందని, దాన్ని నేను ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు తెలిసింది.

"నాకు బతకాలనుందని చెప్పండి అమ్మగారూ," అన్నాను. ఆవిడ మొదలుపెట్టేలోపు నేనే చెప్పేశాను, పైకే, పక్క మంచాల వాళ్ళు తలతిప్పి చూసేంత గట్టిగా.